గీత చావింటి పాటా?

ఏలూరులో అయినా, తాడేపల్లిగూడెంలో అయినా, కొల్లేటి లంకల్లో అయినా మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైతే చాలు, "ఎవరు పోయారు?" అని ఆరా తీస్తారు. ఆ గొంతుకు ఇది తీరని అన్యాయం.

1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఆయన విజయనగరంలో మధుకరం ఎత్తి సంగీతం నేర్చారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. సినిమా పాటలు సరే, ప్రైవేటు రికార్డుల దారే వేరు. కరుణశ్రీ 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' పద్యాలను రాగం కింద మాట నలగకుండా, అక్షరం రానివారికీ అందేలా పాడారు. పద్యం టీకొట్టు దాకా వచ్చిందంటే అందులో ఆ రికార్డుల పాలు పెద్దది.

గీత ఆయన ఆఖరి పెద్ద పని. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

యుద్ధభూమిలో చతికిలబడ్డవాణ్ని లేపి నిలబెట్టిన మాటలవి. శవయాత్రకు వదిలేయకండి, పొద్దున్నే ఇంట్లో పెట్టుకుని వినండి.