బాస్ గిటారుకు 500 వాట్లా?

అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో ఒక అపార్టుమెంటులో కుర్రాళ్లు బ్యాండు సాధన చేస్తున్నారనుకోండి. పక్కింటికి పాట సరిగా వినపడదు, మామూలు గిటారూ వినపడదు. 'దుమ్ దుమ్'మంటూ బాస్ ఒక్కటే గోడ దాటి వస్తుంది. "అంత పెద్ద యాంప్లిఫైయరు ఎవరు కొనిచ్చారో!" అని పెద్దలు విసుక్కుంటారు. విసుగు న్యాయమే కాని, నింద యాంప్లిఫైయరు మీద వేయడం సరికాదు.

బాస్ గిటారు లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఇటువంటి మంద్రస్వరాలను మన చెవి అంత తేలికగా పట్టుకోలేదు. ఈ సంగతిని ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. అందుకే గిటారుకు 50 వాట్లు చాలినచోట బాస్‌కు 300, 500 వాట్లు కావలసివస్తాయి. చిన్న యాంప్లిఫైయరును ఆఖరు దాకా తిప్పితే తరంగాల శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి, స్వరం బరబరమంటుంది. (ఆ బరబరే ఇష్టపడేవారూ ఉన్నారు, అది వేరే సంగతి!)

పదింతల వాట్లంటే పదింతల మోత అనుకునేరు! పెరిగేది 10 డెసిబెళ్లు మాత్రమే. చెవికి దాదాపు రెట్టింపుగా తోస్తుంది. కొన్ని స్పీకరు పెట్టెలు ఒక్క వాటుకే, మీటరు దూరంలో, 95 డెసిబెళ్ల దాకా ఇస్తాయి. మిగతా వాట్లు తీగను గట్టిగా మీటే క్షణం కోసం ఉంచుకున్న నిల్వ.

మరి చిక్కెక్కడ? గదిలో. 41 కంపనాల స్వరానికి తరంగదైర్ఘ్యం 8 మీటర్లకు పైనే. మన గదులు అంత పొడవుండవు. గోడల మధ్య తరంగాలు కలిసి ఒకచోట హోరెత్తుతాయి, మరొకచోట అణిగిపోతాయి. అణిగినచోట నిలబడ్డ వాద్యకారుడు తన బాస్ తనకే వినపడక మీట ఇంకా తిప్పుతాడు! పెట్టెను మూల నుంచి జరిపి, డ్రమ్ములను కాస్త తగ్గించమనడం మేలు. రాత్రి సాధనకు హెడ్‌ఫోనులు చాలు, అవీ తక్కువ ధ్వనిలోనే.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు. పంజగుట్ట నిమ్స్ వంటి ఆస్పత్రుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో ఇంకా తక్కువ. అయితే ఈ కొలతకు వాడే 'ఏ' తూకం మన చెవిని అనుకరిస్తుంది. 40 కంపనాల దగ్గర దాదాపు 35 డెసిబెళ్లు తీసివేసి చూపుతుంది. గోడ అదురుతున్నా మీటరు 'ఫరవాలేదు' అనవచ్చు. కనుక మీటరును సాక్ష్యానికి పిలిచి పక్కింటివారితో వాదించడం మాకు నచ్చదు. వాళ్లింటికి వెళ్లి, మీ బ్యాండు వాయిస్తుండగా, ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి.