కండలు పెంచితే బుర్ర కరుగుతుందా?

కండలు పెంచేవాడికి చదువబ్బదు అనే సూత్రాన్ని మనవాళ్ళు ఎక్కడ కనిపెట్టారో గానీ, న్యూటన్ సూత్రాలకన్నా గట్టిగా నమ్ముతారు. మా ఆఫీసులో ఒకాయన తన పదమూడేళ్ళ కొడుకు చేతిలోంచి డంబెల్స్ లాగేసుకున్నాట్ట. "ఎదుగుదల ఆగిపోతుంది, పైగా రౌడీ వేషాలు" అన్నాడు. చుట్టూ ఉన్న ఇంజనీర్లందరూ బుద్ధిగా తలూపారు. ఈ టపా ఆ ఊగిన తలల కోసం.

ముందు ఎదుగుదల సంగతి తేల్చేద్దాం. సరైన పర్యవేక్షణ ఉంటే బరువులెత్తడం వల్ల పిల్లల ఎదుగుదల ఆగదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీయే చెబుతోంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి వారానికి కనీసం 3 రోజులు కండరాలకీ ఎముకలకీ బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలని ఉంది. మన ఇంటర్ హాస్టళ్ళ టైమ్ టేబుల్లో ఆ మూడు రోజులు ఎక్కడున్నాయో కాస్త వెతికి పెడుదురూ.

ఇక రౌడీ వేషాలు. మాది అరసవల్లి. ఆరోగ్యం కోసం జనం ఎక్కడెక్కడినుంచో వచ్చి సూర్యనారాయణస్వామికి మొక్కుకునే ఊరు. ఆ ఊళ్ళోనే మా నాన్న తాగొచ్చి అమ్మనీ నన్నూ కొట్టేవాడు. "పనికిమాలిన గుంటడు" అని రోజూ వింటే పదేళ్ళ పిల్లాడు అదే తన పేరనుకుంటాడు. మార్కులొచ్చినా ఆ పేరు పోలేదు. మార్కులు ఇంకొకళ్ళు వేసేవి కదా, అందులోనూ పక్కింటి అబ్బాయికి నాకన్నా రెండెక్కువే వచ్చేవి!

ఇంటర్లో ఉండగా ఓ రేకుల షెడ్డు జిమ్ములో మొదటిసారి నలభై కిలోలు నేలమీంచి లేపాను. రెండు వారాలకి నలభై అయిదు. ఇనుముకి నేనెవరి కొడుకునో తెలీదు. లేచిందా లేదా, అంతే లెక్క. తర్వాత చదివితే తెలిసింది, మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగదట. ఉన్న కండనే ఎక్కువగా వాడుకోవడం నాడీవ్యవస్థ నేర్చుకుంటుందట. అంటే ఆ బలం నాలో ముందునుంచీ ఉన్నదే! తిరిగి నాన్నని కొట్టానా అంటే, లేదు. ఆయన మారాడా అంటే, అదీ లేదు. నేను భయపడటం మానేశాను, అంతే.

ఇది నాకొక్కడికే జరిగిన వింతేం కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుకి చిన్నప్పుడే తల్లి పోయింది. చదువు మీద ధ్యాస లేదని తండ్రి విజయనగరంలో పినతండ్రి దగ్గరికి పంపించేశాడు. ఆ కుర్రాడు అక్కడ కుస్తీ, సాము నేర్చి, వ్యాయామ ఉపాధ్యాయుడై, సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. ఇవాళైతే రౌడీ అవుతాడని మాన్పించేసేవాళ్ళం.

మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి సంగతి మీకు తెలిసిందే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. సంక్రాంతికి సంగిడి రాళ్ళెత్తే ఉత్తరాంధ్రలో బలం కొత్తగా దిగుమతైన ఫ్యాషనేం కాదు.

"అందరూ మల్లీశ్వరులవుతారా?" అంటారని తెలుసు. ఐఐటీ కోచింగుకి లక్షలు కట్టేటప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాదో! పతకాల కోసం కాదండీ బాబూ. నిన్నటికన్నా ఇవాళ రెండు కిలోలు ఎక్కువెత్తానని తెలిసినవాణ్ణి పనికిమాలినవాడని నమ్మించడం కష్టం.

బరువులెత్తితే మనసు గాయాలన్నీ మానిపోతాయని నేననను. దానికి డాక్టర్లున్నారు, వెళ్ళాలి. అద్దం ముందు ఫోటోలూ, స్టెరాయిడ్ ఇంజక్షన్లూ వేరే వ్యాపారం, దాన్ని నేనూ తిడతాను. అంచేత మీ పిల్లలు, అమ్మాయిలైనా సరే, డంబెల్ పట్టుకుంటే లాక్కోకండి. మంచి కోచ్‌ని చూసి, తక్కువ బరువుతో, పద్ధతిగా మొదలెట్టించండి. అది ఎందుకు పట్టుకున్నారో వాళ్ళు మీకు చెప్పకపోవచ్చు. నేనూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.