వీపు మీది బొత్తాలు

చైనాలో ఒక ఆంగ్లేయ యువకుడు సువార్త ప్రకటిస్తున్నాడు. వింటున్నవారిలో ఒకాయన రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తున్నాడు. అంత శ్రద్ధగా వినేవాడు దొరికితే ఏ ప్రసంగికునికి ఆనందం కలగదు? తీరా ఆయన నోరు తెరిచి అడిగింది పాపం గురించీ కాదు, రక్షణ గురించీ కాదు. ‘అయ్యా, మీ కోటుకు ముందున్న బొత్తాలు సరే, వీపు మీద బొత్తాలెందుకు?’ అని. ప్రసంగమంతా ఆయన ఆలోచించింది దాని గురించే! ఆ యువకుడే హడ్సన్ టేలర్.

1854 మార్చిలో షాంఘైలో ఓడ దిగేనాటికి టేలర్ వయసు 21 ఏళ్లు. మరుసటి ఏడాదే ఆయన కోటు విడిచి చైనీయుల దుస్తులు ధరించాడు. తల ముందు భాగం గొరిగించుకుని వెనుక జడ వేసుకున్నాడు. జుట్టుకు నల్లరంగు వేసుకోబోతే అమ్మోనియా సీసా పేలి ముఖం కాలింది. కొత్త పైజామా నడుము దగ్గర రెండడుగులు ఎక్కువ! అందులో పదిహేను రోజుల భోజన సామగ్రి దాచుకోవచ్చని చెప్పుకుని నవ్వుకున్నారు. షాంఘైలోని తెల్లవాళ్లు మాత్రం వెక్కిరించారు, చిన్నచూపు చూశారు. అయితే వింత చూడటానికి మూగే జనం తగ్గారు, మాట వినడానికి కూర్చునేవారు పెరిగారు.

1893లో జపాన్ వెళ్లిన ఏమీ కార్మైకేల్‌కూ ఇలాంటి పాఠమే ఎదురైంది. జబ్బుపడిన ఒక వృద్ధురాలికి ఆమె యేసును గురించి చెబుతున్నారు. అవ్వ మనసు కరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఆమె చూపు ఏమీ చేతులకున్న బొచ్చు తొడుగుల మీద పడింది. ‘ఇవేమిటమ్మా?’ అంది. అంతే, మాట తెగిపోయింది. మళ్లీ అతకలేదు. ఏమీ ఇంటికెళ్లి ఆ తొడుగులు తీసేసి జపాన్ స్త్రీల కిమోనో కట్టుకున్నారు. తర్వాత 1895లో మన దేశానికి వచ్చి, తమిళనాట దోనావూరులో చీర కట్టి సేవ చేశారు. 1951లో కన్నుమూసేదాకా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు.

బొత్తాల కథకు నవ్వుతాం. తొడుగుల కథ దగ్గర నవ్వు ఆగిపోతుంది. చలికి వేసుకున్న తొడుగులో పాపమేమీ లేదు. కానీ ఒక ఆత్మకూ ప్రభువుకూ మధ్య అంత చిన్న వస్తువు అడ్డుగోడయింది. ఎలాగైనా కొందరిని రక్షించాలని పౌలు అందరికీ అన్నివిధాలుగా మారాడు (1 కొరింథీ 9:22). సువార్తను మాత్రం మార్చలేదు. తన అలవాట్లను, తన హక్కులను మార్చుకున్నాడు. దేవుని కుమారుడే తనను తాను రిక్తునిగా చేసుకుని మనుష్యుల పోలికగా వచ్చాడు (ఫిలిప్పీ 2:7). గలిలయవారి మధ్య పెరిగాడు, వారు తిన్నదే తిన్నాడు, వారి మాటే మాట్లాడాడు.

మనం ఓడ ఎక్కకపోవచ్చు. కానీ మన వీపు మీదా బొత్తాలున్నాయి. బిడ్డకు జ్వరమని పక్కింటి వదిన ప్రార్థన కోరి వస్తుంది. ఆమెకు ‘విమోచన’, ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అంటూ అరగంట వినిపించి పంపుతాం. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాదు. బిడ్డకు ఎలా ఉందని మనం అడగనేలేదన్నది మాత్రం గుర్తుంటుంది. సువార్త పనిమీద ఒడిశా కొండలకో, ఉద్యోగం మీద గల్ఫ్‌కో వెళ్తాం. అక్కడివారి వంట వాసనకు ముక్కు మూసుకుని, వారి భాషలో పది మాటలైనా నేర్వకుండా, ఆవకాయ జాడీ పక్కన కూర్చుని, ‘వీళ్ల హృదయాలు కఠినం’ అని తీర్పు చెప్పేస్తాం!

వీపు మీది బొత్తాలు తొడుక్కున్నవాడికి కనపడవు, ఎదుటివాడే చెప్పాలి. ఎవరైనా అలా అడిగితే చిన్నబుచ్చుకోకుండా, నవ్వుకుని, ఆ కోటు విప్పే దీనత్వాన్ని ప్రభువు మనకు దయచేయాలి. మన మీద మనం నవ్వుకోగలిగిన రోజున పొరుగువారి చూపు మన మీద నుంచి ఆయన మీదికి మళ్లుతుంది.