పురిటి నొప్పులు: సూది ఒకటే, మందిచ్చే తీరులే వేరు

మా పెద్దాడపడుచు కూతురికి తొమ్మిదో నెల. పోయిన ఆదివారం సున్నుండలు చేసుకుని చూడబోతే, ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళకు మాటల్లేవు! సంగతేమిటంటే, 'కావాలంటే నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ ఇప్పించుకో' అందట డాక్టరమ్మ. పిల్ల సరేనంది. మా వదిన ససేమిరా అంది.

"మేమంతా కనలేదటే? ఆ సూది వేయించుకుంటే జన్మంతా నడుం నొప్పేనట. పైగా ఆపరేషన్ ఖాయమట!" అని ఆవిడ గోల. "నువ్వయినా చెప్పు అత్తయ్యా" అంటూ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

నేను డాక్టర్ని కాను. కానీ నా తొలికాన్పు నాకు బాగా గుర్తు. ఒక రాత్రీ ఒక పగలూ నొప్పులు. అరిస్తే ఆయా కసిరింది. 'బిడ్డ మొహం చూస్తే అన్నీ మరిచిపోతావులే' అన్నారందరూ. చూసి మురిసిపోయిన మాట నిజం, మరిచిపోయిన మాట మాత్రం అబద్ధం! అందుకే చదివీ, తెలిసిన మత్తు డాక్టరుగారిని అడిగీ తెలుసుకున్న నాలుగు మాటలు మీకూ చెబుతున్నాను.

ముందు మా వదిన భయాల సంగతి. వేలాది కాన్పుల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2018లో కాక్రేన్ సంస్థ పరిశీలించింది. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరగలేదనీ, దీర్ఘకాలం ఉండే నడుం నొప్పీ పెరగలేదనీ తేలింది. సూది గుచ్చినచోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు, అంతే.

ఇక సూది సంగతి. నడుము దగ్గర తిమ్మిరి మందు ఇచ్చి, వెన్నుపూసల నడుమ సూది గుచ్చి, దాంట్లోంచి దారంలాంటి సన్నని గొట్టం పంపుతారు. సూది తీసేస్తారు, గొట్టం ఉంటుంది. మందు దాని ద్వారానే వెళ్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది. అయితే ఆ గొట్టంలోంచి మందు ఇచ్చే తీరులు చాలా ఉన్నాయి.

డాక్టరు చేత్తో ఇవ్వడం: ఇది పాత పద్ధతి. నొప్పి తిరగబెట్టినప్పుడల్లా మళ్ళీ మందు ఇస్తారు. డాక్టరు వేరే కేసులో ఉంటే ఎదురుచూడాల్సిందే. పూర్వం మందు ఘాటుగా వాడేవారు కనుక కాళ్ళు మొద్దుబారి, ముక్కే శక్తి తగ్గేది.

ఆగకుండా పంపుతో ఇవ్వడం: గంటకు ఇంత అని సన్నగా వెళ్తూనే ఉంటుంది. ఎదురుచూపు లేదు. కానీ గంటలు గడిచేకొద్దీ మొత్తం మందు ఎక్కువై, కాళ్ళు బరువెక్కవచ్చు.

తల్లి చేతికే మీట ఇవ్వడం: నొప్పి అనిపించినప్పుడు తనే నొక్కుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కినా, నిర్ణీత వ్యవధి గడిస్తేగానీ పంపు మళ్ళీ మందు వదలదు. ఆగకుండా ఇచ్చే పద్ధతికన్నా దీంట్లో మందు తక్కువ పడుతుంది. ఒక్కటే షరతు: తల్లే నొక్కాలి. జాలిపడి అమ్మో, మొగుడో నొక్కకూడదు!

విడతలుగా పంపే పంపు: ముప్పావుగంటకో గంటకో ఒకసారి కొంత మందు ఒక్క ఊపున వదులుతుంది. కుండీలో చుక్కచుక్కగా నీళ్ళు పోస్తే ఒకేచోట ఇంకుతాయి, చెంబుతో పోస్తే నలువైపులా పాకుతాయి కదా, అలాగన్నమాట. ఆగకుండా ఇచ్చేదానికన్నా దీంట్లో మధ్యలో నొప్పి తిరగబెట్టడం తక్కువ. ఇప్పుడు చాలాచోట్ల దీనికి మీట కూడా జోడిస్తున్నారు.

స్పైనల్‌తో కలిపి ఇవ్వడం: వెన్ను నీటిలోకి ముందు చిన్న మోతాదు ఇచ్చి, తర్వాత గొట్టం అమరుస్తారు. అయిదు నిమిషాల్లోనే ఉపశమనం. దురద మాత్రం కాస్త ఎక్కువ.

వీటిలో ఏది మేలు? మందు పలచగా ఉండటమే అసలు కీలకమని 2001లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా తొలిచూలు స్త్రీల మీద జరిగిన కామెట్ పరిశోధన చూపింది. పాత ఘాటు పద్ధతిలో నూటికి 35 మందికి మామూలు కాన్పు అయితే, పలచని మందిచ్చిన రెండు పద్ధతుల్లోనూ 43 మందికి అయింది.

ఇబ్బందులు లేవని కాదు. బి.పి. పడిపోవచ్చు, వణుకు, జ్వరం రావచ్చు, మూత్రం బిగపట్టవచ్చు. సుమారు నూటికి ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. రక్తం గడ్డకట్టని జబ్బున్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా ముందే చెప్పి తీరాలి.

ఎనిమిదో నెలలోనే ఆసుపత్రిలో ఇవి అడిగి ఉంచుకోండి:

1. మత్తు డాక్టరు రాత్రిపూట కూడా ఉంటారా?

2. మందు ఏ పద్ధతిలో ఇస్తారు? మీట ఉందా?

3. తల్లి బి.పి.ని, బిడ్డ గుండెను ఎవరు కనిపెట్టి చూస్తారు?

4. ఖర్చు మొత్తం ఎంత?

మొదటి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మిగతావి అడిగీ లాభం లేదు. చూసుకునే మనిషి లేనిచోట ఎంత గొప్ప పంపున్నా వద్దు.

అంతా విని మా వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నా కాన్పుకి ఇదుంటే నేనూ వద్దనేదాన్ని కాదేమో" అంది. పిల్ల నవ్వింది. సూది లేకుండా ఓర్చుకునే తల్లికీ, వేయించుకునే తల్లికీ బిడ్డ మీద ప్రేమలో తేడా ఏమీ ఉండదమ్మా. పడేది ఆ అమ్మాయి కనుక, మాట కూడా ఆ అమ్మాయిదే కావాలి.