వెల్డింగ్ గ్యాస్‌తో లేజర్.. మనకు జాబ్ ఇస్తుందా?

ధారూర్ నుంచి తాండూరు వెళ్లొచ్చే విద్యార్థులకు సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు కొత్తేమీ కాదు. పొగ కంటికి కనిపిస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కనిపించదు. దాన్ని పట్టిచ్చేది మిడ్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి. ఇందులో ఒక్కో వాయువు తనకంటూ కొన్ని తరంగదైర్ఘ్యాలనే పీల్చుకుంటుంది. మీథేన్ 3.3 మైక్రాన్ల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ 4.6 దగ్గర. వేలిముద్రల్లాగే అన్నమాట.

చిక్కేంటంటే, ఇంటర్నెట్ ఫైబర్‌లో వాడే సిలికా గాజు సుమారు 2.5 మైక్రాన్లు దాటిన కాంతిని తనే మింగేస్తుంది. అందుకే పరిశోధకులు ఫైబర్ మధ్యలో గాజు లేకుండా బోలుగా ఉంచారు. ఆ బోలులో తక్కువ పీడనంతో ఎసిటిలీన్ నింపారు. అవును, వెల్డింగ్ షాపుల్లో వాడేదే! టెలికాం రంగంలో వాడే 1.5 మైక్రాన్ల కాంతిని లోపలికి పంపితే, 3.1 మైక్రాన్ల లేజర్ బయటికొస్తుంది. ఇది సాధ్యమేనని 2011లో తేలింది. 2016లో బ్రిటన్‌లోని బాత్ యూనివర్సిటీ బృందం డయోడ్ లేజర్ సాయంతో నడిపి చూపించింది.

మరి జాబ్ సంగతి? ఈ లేజర్ పేరు చెప్పి రేపే మీ క్యాంపస్‌కు కంపెనీలు రావు. ఇది ఇంకా ఎక్కువగా ల్యాబ్‌లకే పరిమితం. కానీ దీని చుట్టూ ఉన్న పని ఇప్పటికే ఉంది. సిమెంటుతో సహా 17 రకాల పరిశ్రమలు ఉద్గారాలను ఆన్‌లైన్‌లో నిరంతరం కొలవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ గ్యాస్ ఎనలైజర్లలో చాలావాటికి ఆధారం ఇన్‌ఫ్రారెడ్ కాంతే. వాటిని కాలిబ్రేట్ చేయడానికి ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసినవాళ్లు కావాలి. డిప్లొమా, బీఎస్సీ ఫిజిక్స్, ఈసీఈ వాళ్లు ఈ వైపు చూడొచ్చు.

పరిశోధన ఇష్టమా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్, కొచ్చిలోని కుసాట్‌లో లేజర్ టెక్నాలజీ ఎంటెక్ మంచి దారులు. 2025 ఏప్రిల్ 13న కర్నూలులో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించిన డీఆర్‌డీఓ ల్యాబ్ ‘చెస్’ ఉన్నది హైదరాబాద్‌లోనే.

బీటెక్‌లో ఆప్టికల్ కమ్యూనికేషన్ యూనిట్‌ను నేను ఛాయిస్‌లో వదిలేశా. తర్వాత సొంతంగా చదువుకోవడానికి ఏడాది పట్టింది. స్పెక్ట్రోస్కోపీ, ఆప్టిక్స్ చాప్టర్లను మీరు మాత్రం వదలొద్దు. లేజర్ ఏదైనా, పునాది అదే.