ముదురు బూడిద చేసిన నేరమేంటి?

పడకగదికి ముదురు బూడిద రంగు వేయించుకుంటానని ఒక్కసారి ఇంట్లో అని చూడండి. క్షణంలో అందరూ డాక్టర్లయిపోతారు. మనసేమైనా బాగోలేదా అని అమ్మ మెల్లగా ఆరా తీస్తుంది. గది అగ్గిపెట్టె అయిపోతుందని నాన్న లెక్కలు చెప్తారు. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, నీకా శ్మశానం రంగేంటే" అని పిన్ని ఫోన్లోనే దిష్టి తీసేస్తుంది. పెయింటరేమో షేడ్ కార్డులో ఆ పేజీ రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేస్తాడు. అందరి తర్వాత ఇంటి ఓనరు తీర్పు చెప్తాడు: "మా బిల్డింగులో అన్నీ లైట్ కలర్సేనమ్మా." పెళ్ళి సంబంధాల విషయంలో కూడా మావాళ్ళు ఇంత ఏకాభిప్రాయానికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

వీళ్ళ మాటలన్నీ ఓపిగ్గా వింటే అడుగున ఒకటే ప్రశ్న కనిపిస్తుంది: ఆ గది ఎవరిది? అందులో పడుకునే మనిషిదే అయితే, దాని రంగు సంగతి ఆ మనిషే చూసుకోవాలి. నా వాదన ఇంతే. ఇంత చిన్న వాదనకి ఎదురొచ్చే మాటలు మాత్రం బోలెడు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది అశుభం. మన భాష ఈ రంగుకి పెట్టిన పేరులోనే బూడిద ఉంది. వృథా అనడానికి బూడిదలో పోసిన పన్నీరంటాం. సరే, అదే బూడిద నుదుటికెక్కితే విభూతి ఎలా అయింది? అదే బూడిదతో మన అమ్మమ్మలు అంట్లు తళతళలాడేలా ఎలా తోమారు? అసలు ముదురు బూడిద మన ఇళ్ళకి కొత్తేం కాదు. సీమ ఇళ్ళల్లో కడప బండ, తెలంగాణ ఇళ్ళల్లో షాబాదు బండ, ప్రతి వంటింట్లో రుబ్బురోలు. మనలో ఎంతోమంది ముత్తాతలు ఓనమాలు దిద్దింది మార్కాపురం పలక మీద. అక్షరాభ్యాసానికి పనికొచ్చిన రంగు నిద్రకి ఎందుకు పనికిరాదు? నేల మీదుంటే చల్లగా ఉందని దానిమీదే మధ్యాహ్నాలు పడుకున్నాం. గోడకెక్కేసరికి శని అయిపోయింది!

రెండోది, తెలుపే శుభ్రం అన్న నమ్మకం. దీనికి ఒకప్పుడు గట్టి కారణాలే ఉన్నాయి. సున్నం చవక. దాని క్షారగుణానికి క్రిములు నిలవవు. కిటికీలు చిన్నవి, వెలుతురిచ్చేది కిరసనాయిలు బుడ్డి. గోడ తెల్లగా ఉంటేనే ఆ కాస్త వెలుతురూ మూలలదాకా వెళ్ళేది. అందుకే పండక్కీ పెళ్ళికీ వెల్ల వేసేవారు, ఇంకా తెల్లగా కనబడాలని అందులో నీలిమందు కలిపేవారు. ఇప్పుడు మనం వేసేది సున్నం కాదు, ఎమల్షన్. బుడ్డి పోయి ఎల్‌ఈడీ వచ్చింది. కారణాలు పోయినా ఆచారం మాత్రం మిగిలింది.

తెలుపుకి నీతిని అంటగట్టే జబ్బు మనదొక్కరిదే కాదు. ల కొర్బూజియే అనే ఆర్కిటెక్టు 1925లో, ప్రతి మనిషీ తన ఇంటి గోడలకి తెల్లటి రిపోలిన్ పెయింటు వేసుకోవాలని, దాంతో ఇంటితోపాటు లోపలి మనిషీ శుభ్రపడతాడని వాదించాడు. అదే పెద్దమనిషి 1931లో సలుబ్రా అనే వాల్‌పేపర్ కంపెనీకి రంగుల వరుస ఒకటి తయారుచేసి ఇచ్చాడు. అందులో బూడిదలు కూడా ఉన్నాయి. తెలుపుని ప్రపంచానికి ప్రబోధించినాయనే ఆరేళ్ళలో సర్దుకున్నాడు. మన ఓనర్లు నూరేళ్ళయినా సర్దుకోలేదు.

మూడోది, గది ఇరుకైపోతుందని. గోడ తన మీద పడిన వెలుతురులో ఎంత వెనక్కి పంపుతుందో చెప్పడానికి పెయింటు కంపెనీలు 0 నుంచి 100 దాకా ఒక కొలత వాడతాయి. మంచి తెలుపు 80 దాటుతుంది. ముదురు బూడిద 10కి అటూ ఇటూ ఉంటుంది. పగలు గదిలో వెలుతురు తగ్గుతుందన్నది నిజమే. అయితే ఏంటంట? ఆ గదిలో నేను చేసే ముఖ్యమైన పని నిద్రపోవడం. కళ్ళు మూసుకుని చేసే పనికి గది విశాలంగా కనపడితే ఎవరికి లాభం? పైగా మన అపార్ట్‌మెంట్లలో ఎన్నో పడకగదుల కిటికీలు డక్టులోకో పక్క బిల్డింగు గోడ మీదకో తెరుచుకుంటాయి. అలాంటి గదిలో తెలుపు తెల్లగా ఉండదు. మధ్యాహ్నం మూడింటికే మాసిన పంచె రంగులోకి దిగిపోతుంది. ఎలాగూ బూడిదే దక్కేటప్పుడు, నేను ఎంచుకున్న బూడిద ఉండటం మేలు కదా.

నాలుగోది వేడి. ముదురు రంగు వేడిని పీలుస్తుంది, ఎండాకాలం చచ్చిపోతావంటారు. ఎండ నేరుగా తగిలే చోట అది నిజం. డాబా పైకప్పు, పడమటి గోడ బయటివైపు. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం మాట్లాడేది ఆ పైకప్పు గురించే. కర్టెన్ వేసున్న గదిలో లోపలి గోడ రంగు వల్ల వచ్చే తేడా దాని ముందు లెక్కలోకి రాదు. వేడి గురించి నిజంగా అంత బెంగ ఉంటే ఓనరుగారు ముందు డాబా మీద తెల్ల రంగు వేయించాలి. అక్కడ నేనేమీ అడ్డు చెప్పను.

ఐదోది, మనసు కుంగిపోతుందని. రాత్రిపూట కంటి మీద వెలుతురు పడితే నిద్రకి సాయపడే మెలటోనిన్ తగ్గుతుంది. పగలు ఒంటికి వెలుతురు కావాలి. రెండూ నిజాలే, ఆ రెండూ వెలుతురు సంగతులు. పొద్దున్నే కర్టెన్ తీసి బాల్కనీలో నిలబడితే సరిపోయేదాన్ని గోడ మీద ఎందుకు రుద్దుతారు? ఈ హైదరాబాదులో అమెరికా టైముకి పనిచేసి, పాలప్యాకెట్లు వచ్చే వేళకి క్యాబ్ దిగేవాళ్ళు ఎంతమందో. రెండేళ్ళు నేనూ ఆ బాపతే. ఊరంతా మేలుకునేటప్పుడు పడుకోవాల్సిన మనిషికి క్రీం కలర్ గది ఎంత పగబడుతుందో, పదింటికి పడుకుని ఆరింటికి లేచేవాళ్ళకి తెలీదు.

ఇన్ని చెప్పాక ఒక రాజీ ప్రతిపాదన వస్తుంది: "పోనీ ఒక్క గోడకి వేసుకో, హైలైట్‌గా ఉంటుంది." ఆ ఒక్క గోడ ఏదో గమనించారా? మంచం తలవైపు గోడ. పడుకున్న మనిషికి అది వీపు వెనక ఉంటుంది, కనపడదు. కనపడేది తలుపు దగ్గర నిలబడి చూసే చుట్టానికి, ఫోటో తీసేవాడికి. పడకగదిని కూడా మనం ఇంకొకరి చూపు కోసమే తయారుచేస్తున్నామనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి ముదురు బూడిద కూడా ఇన్‌స్టాగ్రామ్ మోజే కదా అని మీరు అడగొచ్చు. చాలామందికి అవును. ఫోటోలో గోడ చూసి అదే నంబరు కావాలనేవాళ్ళని నేను వెనకేసుకు రాను. వాళ్ళూ ఇంకొకరి గదిలోనే పడుకుంటున్నారు. ఎంచుకోవడమంటే కాస్త పని ఉంటుంది. బూడిద ఒకటి కాదు. కొన్నిటి అడుగున నీలం, కొన్నిటిలో ఆకుపచ్చ, కొన్నిటిలో వంకాయ రంగు నక్కి ఉంటుంది. తెల్లకాగితం పక్కన పెడితే బయటపడుతుంది. 6500 కెల్విన్ తెల్ల లైటు కింద నీలపు బూడిద ఆస్పత్రి వరండా అయిపోతుంది. 3000 కెల్విన్ పసుపు బల్బు కింద అదే గోడ మెత్తబడుతుంది. వేలెడంత షేడ్ కార్డు ముక్క చూసి తేల్చేయకుండా, చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, మధ్యాహ్నం, లైటు వేశాక, నాలుగు గోడలకీ ఆనించి చూసుకోవాలి. మాట్ ఫినిష్ అయితే చేతి మరకలు పడతాయి, మెరుపుంటే పుట్టీ ఎగుడుదిగుళ్ళన్నీ కనపడతాయి. గోడలో చెమ్మ ఉంటే ఉప్పు పొంగి తెల్లగా తేలుతుంది, ముందు దాన్ని బాగుచేయించాలి. ఈ పనంతా చేసినవాళ్ళకి ఆ రంగు సొంతమవుతుంది, మోజు అనండి ఇంకేదన్నా అనండి.

ఇక అసలు కోపానికొస్తాను. నేనుంటున్న ఇంటి అగ్రిమెంటులో ఒక లైనుంది: ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి తగ్గిస్తారు. గోడలు అద్దంలా అప్పగించినా సరే. అంటే తర్వాత పడబోయే రంగుకి ఇప్పుడే నేను డబ్బు కట్టేశాను. ముదురు మీద మళ్ళీ లేత రంగు రావాలంటే ఒక కోటు ప్రైమరు, రెండు కోట్ల పెయింటు. ఆ ప్రైమరు ఖర్చు కూడా నాదేనంటే ఒప్పుకుంటాను. అయినా కుదరదట. డబ్బు నాది, నిద్ర నాది, రంగు మాత్రం నా తర్వాత వచ్చేవాడిది.

మన ఇళ్ళల్లో పడకగది ఎప్పుడూ ఒకరిది కాలేదు. బియ్యం బస్తా, చుట్టాల సూట్‌కేసులు, ఇస్త్రీకెళ్ళాల్సిన బట్టల మూట, అన్నీ అక్కడే. తలుపేసుకుంటే "లోపలేం చేస్తున్నావ్" అని కేక. ఆడపిల్లలకి మరీను. పుట్టింట్లో గదంటూ ఉంటే దానికి గులాబీ రంగు వేరేవాళ్ళు వేస్తారు. పెళ్ళయి వెళ్ళేసరికి అక్కడ రంగు ముందే వేసి ఉంటుంది. మధ్యలో సొంత జీతంతో అద్దెకుండే నాలుగైదేళ్ళే చాలామందికి దొరికేది. ఆ కాస్త కాలంలో కూడా గోడ రంగు ఊళ్ళోవాళ్ళందరికీ నచ్చాలంటే ఎలా?

మీకు లేత పసుపే ఇష్టమైతే హాయిగా అదే వేసుకోండి. ఇష్టమై వేసుకున్నారా, అడిగే ధైర్యం లేక ఉంచుకున్నారా అన్నది మీకే తెలియాలి. నేను మాత్రం ఈసారి అగ్రిమెంటు రెన్యువల్‌కి ఆ ఒక్క లైను మార్చి రాసి పంపాను. షేడ్ నంబరు కూడా రాశాను.