పట్టా భూమైతే పక్క చేను పాడుచేయొచ్చా?

చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా మన సభ్యులు చెప్పే గోడు ఒక్కటే. వ్యర్థ జలాలు కుంటలో కలుస్తున్నాయి, క్రషర్ దుమ్ము పత్తి చేన్లను కప్పేస్తోంది. అడిగితే "మా పట్టా భూమి, మా ఇష్టం" అంటారు. ఉద్యోగాలు ఇస్తున్నాం కదా అని కూడా అంటారు. కొందరికి మేలు జరిగినంత మాత్రాన పదిమందికి చేసిన కీడు మాఫీ కాదని భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

హైకోర్టు దాకా పోకముందే ఆర్డీఓ దగ్గర ఒక దారి ఉంది. పాత 133వ సెక్షన్, 2024 జూలై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 152. కీడు తొలగించు, లేదా హాజరై కారణం చెప్పు అని ఆయన ఉత్తర్వు ఇవ్వొచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు, సారా ఫ్యాక్టరీ కంపు భరించలేక జనం ఈ సెక్షన్‌నే పట్టుకున్నారు. నిధులు లేవన్న మునిసిపాలిటీ వాదనను 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

దరఖాస్తు మూలన పడేసే ఆఫీసులూ మనకు తెలుసు. అందుకే రశీదు లేకుండా కాగితం ఇవ్వొద్దని మేం కోరుతున్నాం. ఆర్డీఓ కదలకపోతే, కోర్టు అనుమతితో ఇద్దరు రైతులు కలిసి సివిల్ దావా వేయొచ్చు. తమకు విడిగా నష్టం జరిగిందని చూపనక్కర్లేదు. హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మాత్రం గడువు ఆరు నెలలే, పరిహారానికైతే ఐదేళ్లు. బోరు నీళ్ల రంగు మారిన రోజే తేదీ రాసిపెట్టుకోండి.